చెరకు రసంతో తీసిన తెల్ల రమ్‌ని రుచి చూడటం ఎలా?

రమ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ముదురు రంగు, వెనీలా వాసన, పక్కన ఒక కోలా సీసా. పంచదార తీసేశాక మిగిలే మడ్డి, అంటే మొలాసిస్ నుంచి తీసి, చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచిన రమ్ అది. ఇక్కడ చెప్పబోయేది వేరే రకం. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్సుకు చెందిన మార్టినిక్ దీవిలో చెరకు రసాన్నే పులియబెట్టి, బట్టీ పట్టి, పీపా ముఖం చూపించకుండానే సీసాల్లో నింపుతారు. లేబుల్ మీద ‘రమ్ అగ్రికోల్ బ్లాన్’ అని ఉంటుంది. చూడ్డానికి మంచినీళ్ళే. ఆల్కహాల్ మాత్రం 50 శాతమో 55 శాతమో ఉంటుంది.

మొదటిసారి గుటక వేసినవాళ్ళు చాలామంది గొంతు మండిందని సీసా పక్కన పెట్టేస్తారు. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది. ప్రపంచంలో చెరకు వాసనను ఇంత నిజాయితీగా పట్టుకున్న మద్యం చాలా తక్కువ. పీపా ఇచ్చే రంగు, తీపి వాసన ఇందులో లేవు కాబట్టి చెరకు బాగుందా, పులియబెట్టడం సరిగ్గా జరిగిందా, బట్టీ పట్టినవాడికి చెయ్యి తిరిగిందా అన్నవన్నీ గ్లాసులో బయటపడతాయి. వాటిని అందుకోవాలంటే ముందు ఆ ఘాటుతో ఎలా వ్యవహరించాలో తెలియాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు కొంచెం నేపథ్యం

ఒకప్పుడు మార్టినిక్‌లో కూడా రమ్ ఎక్కువగా మొలాసిస్‌తోనే చేసేవారు. పంచదార మిల్లులు, వాటి పక్కనే బట్టీలు. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపాలో బీట్‌రూట్ నుంచి పంచదార తీయడం పెరిగేసరికి దీవుల్లోని చెరకు పంచదారకు ధర పడిపోయింది. అప్పుడు కొందరు తోటల యజమానులు పంచదార సంగతి వదిలేసి, రసాన్నే నేరుగా బట్టీకి పంపడం మొదలుపెట్టారు. ఈ మార్పుతో ముడిపడిన పేర్లలో ఒమేర్ క్లెమాన్ ఒకటి. ఆయన డాక్టరు, లె ఫ్రాన్స్వా ఊరి మేయరు. 1887లో నష్టాల్లో ఉన్న ఒక పంచదార ఎస్టేటును కొన్నాడు. క్లెమాన్ రమ్ పుట్టిల్లు అదే.

ఇంకో పెద్ద మలుపు 1902 మే 8. పెలే అగ్నిపర్వతం పేలి సాన్ పియెర్ నగరం నిమిషాల్లో బూడిదైపోయింది. దాదాపు 28,000 మంది చనిపోయారు. దీవిలో మొలాసిస్ రమ్ వ్యాపారానికి కేంద్రం ఆ నగరమే. దానితోపాటు ఆ బట్టీలూ పోయాయి. విక్టర్ దెపాజ్ అనే కుర్రవాడు అప్పుడు ఫ్రాన్సులో చదువుకుంటూ ఉండటం వల్ల బతికాడు. కుటుంబాన్నంతా పోగొట్టుకున్న ఆ మనిషి తిరిగొచ్చి, అదే కొండ పాదంలో 1917లో బట్టీ పెట్టాడు. ఆ పేరుతో రమ్ ఇప్పటికీ వస్తోంది.

1996లో మార్టినిక్ అగ్రికోల్ రమ్‌కి ఫ్రాన్సు ప్రభుత్వం ఎ.ఓ.సి. గుర్తింపు ఇచ్చింది. మనకు జి.ఐ. ట్యాగ్ ఉన్నట్టే ఇదీ ఒకటి, కాకపోతే నియమాలు చాలా గట్టివి. చెరకు ఏ ప్రాంతాల్లో పండాలి, ఏ నెలల్లో నరకాలి, రసం ఎన్ని గంటలకు మించి పులియకూడదు, బట్టీ నుంచి ఎంత బలంతో దిగాలి, అన్నీ రాసి ఉంటాయి. రుచి చూసేవారికి వీటిలో ముఖ్యమైనది చివరిది. మార్టినిక్ రమ్ బట్టీ నుంచి 65 నుంచి 75 శాతం మధ్య దిగాలి. తేలిక రకం తెల్ల రమ్‌లను 90 శాతం దాటించి తీస్తారు. బలం పెరిగేకొద్దీ స్వచ్ఛమైన ఆల్కహాల్ మిగులుతుంది, చెరకు వాసన పోతుంది. తక్కువ బలంతో దింపితే ఆ వాసనలన్నీ ఆల్కహాల్‌తోపాటే వచ్చేస్తాయి. మీ గ్లాసులోకి ఇంత వాసన ఎలా వచ్చిందన్నదానికి జవాబు ఇదే.

బట్టీ నుంచి దిగిన సరుకును స్టీలు ట్యాంకుల్లో కొన్ని వారాలు ఉంచి, గాలి తగిలేలా కలుపుతూ, నీళ్ళు కొద్దికొద్దిగా చేర్చి 50కో 55కో తెస్తారు. ఆ తర్వాత సీసా.

సీసా ఎంచుకోవడం

తెల్లగా ఉన్న ప్రతి రమ్మూ ఇది కాదు. కొన్ని తెల్ల రమ్‌లను పీపాల్లో ఏడాదో రెండేళ్ళో ఉంచి, బొగ్గు ఫిల్టర్‌తో రంగు తీసేసి అమ్ముతారు. అందుకని రంగు చూసి కొనకండి, లేబుల్ చదవండి. ‘అగ్రికోల్’ అన్న మాట ఉండాలి. ఐరోపా చట్టం ప్రకారం ఆ మాటను ఫ్రాన్సు దీవులూ ఫ్రెంచ్ గయానా వంటి సముద్రాంతర ప్రాంతాలూ, పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవీ మాత్రమే వాడుకోవాలి. మార్టినిక్ సీసా అయితే ఎ.ఓ.సి. అని కూడా ఉంటుంది.

మొదటి సీసాగా 50 శాతానిదే తీసుకోండి. నెస్సోన్, క్లెమాన్, జె.ఎమ్, లా ఫావొరీత్, దెపాజ్, వీటిలో ఏది దొరికినా మంచి మొదలే. నాకు బాగా ఇష్టమైనది నెస్సోన్. లె కార్బె ఊళ్ళోని చిన్న బట్టీ అది. ఘాటైన పచ్చి వాసన, నాలుక మీద నూనెలాంటి చిక్కదనం, రెండూ అందులో బాగా తెలుస్తాయి. సున్నితంగా మొదలుపెట్టాలనుకునేవారికి క్లెమాన్ నయం.

జె.ఎమ్ బట్టీ దీవి ఉత్తరపు కొసన, మకూబాలో ఉంది. దాని పక్క ఊరు బాస్ పాయింట్. ఈ రెండు పేర్లు చెప్పడానికి ఒక కారణం ఉంది. 1848లో బానిసత్వం రద్దయ్యాక, 1853 నుంచి ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల మీదుగా వేలమంది భారతీయులను ఒప్పంద కూలీలుగా మార్టినిక్ చెరకు తోటలకు తరలించారు. వాళ్ళ వారసులు కొలిచే గుడి బాస్ పాయింట్‌లో ఇప్పటికీ ఉంది. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే మరో ఫ్రెంచి చెరకు దీవి ఉంది. అక్కడికైతే మన యానాం నుంచి తెలుగువాళ్ళే వెళ్ళారు. ఈ రమ్ వెనక ఉన్న చెమటలో మనవాళ్ళ వాటా కూడా ఉంది. గ్లాసు చేతిలోకి తీసుకునేటప్పుడు అది తెలిసి ఉండటం మంచిది.

మన ఊళ్ళలోని మద్యం దుకాణాల్లో ఇవి సాధారణంగా కనపడవు. అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్నవారికి పెద్ద దుకాణాల్లో దొరుకుతాయి. విదేశాల నుంచి వచ్చేవారు మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఎవరైనా వస్తుంటే ముందే చెప్పి పెట్టుకోండి. వీలైతే వేర్వేరు బట్టీలవి రెండు తెప్పించుకోండి. పక్కపక్కన పెట్టి చూస్తేనే దేనికదే ఎంత వేరో తెలుస్తుంది.

సమయం, గది, గ్లాసు

బట్టీల్లో రుచి చూసేవారు భోజనానికి ముందు, పదకొండు గంటల ప్రాంతంలో ఆ పని చేస్తారు. అప్పుడు ముక్కు, నాలుక చురుగ్గా ఉంటాయి. మనకు సెలవు రోజున సాయంత్రం, రాత్రి భోజనానికి ముందు కుదురుతుంది. అంతకు ముందు గంటలో కాఫీ, ఆవకాయ, కిళ్ళీ, సిగరెట్ వద్దు. మరీ ఖాళీ కడుపుతోనూ కూర్చోవద్దు, కాస్త అన్నమో రొట్టో తిని ఉండండి.

గదిలో అగరుబత్తి వెలిగించి ఉన్నా, వంటింట్లో పోపు పెడుతున్నా ఆ పూట మానేయండి. ఇంగువ వాసన ముందు ఏ రమ్మూ నిలబడదు. మీరు పూసుకున్న సెంటు కూడా అడ్డమే.

గ్లాసు అడుగున వెడల్పుగా, పైన మూతి దగ్గరికి వచ్చేలా ఉండాలి. చిన్న తులిప్ ఆకారం గ్లాసు ఉత్తమం. లేకపోతే చిన్న వైన్ గ్లాసు వాడండి. విస్కీకి వాడే వెడల్పాటి గ్లాసులో వాసన నిలవదు, స్టీలు గ్లాసు అసలు పనికిరాదు. గ్లాసులో రమ్ పోసే ముందు ఖాళీ గ్లాసునే వాసన చూడండి. గిన్నెలు తోమే సబ్బు వాసనో, అలమర చెక్క వాసనో తగిలిందంటే వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. చాలామంది ఈ పని చేయరు. తర్వాత ఆ సబ్బు వాసననే రమ్‌కి అంటగడతారు.

ఇవి కూడా దగ్గర పెట్టుకోండి: ఫిల్టర్ చేసిన మంచినీళ్ళు ఒక జగ్గు, ఒక టీస్పూను, ఉప్పూ కారం లేని బిస్కెట్లో బ్రెడ్డు ముక్కలో, ఉమ్మడానికి ఒక పాత్ర, కాగితం, కలం. నీళ్ళు చల్లగా ఉండకూడదు, క్లోరిన్ వాసన ఉండకూడదు. ఐసు ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. చలికి వాసనలు పైకి లేవవు, నాలుకా మొద్దుబారుతుంది.

ఎంత పోయాలి

ఒక్కో రకానికి 20 మిల్లీలీటర్లు చాలు. 50 శాతం రమ్‌లో 20 మిల్లీలీటర్లంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్. మన దగ్గర దొరికే విస్కీ, రమ్ సాధారణంగా 42.8 శాతం. అందులో 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్‌లో 13 దాకా ఉంటుంది. అంటే ఈ రమ్ మూడు రకాలు 20 చొప్పున తాగేస్తే రెండు చిన్న పెగ్గులు దాటినట్టే. గ్లాసు చిన్నగా కనిపిస్తుంది కాబట్టి లెక్క తప్పడం తేలిక. రెండు మూడు రకాలు చూసేటప్పుడు ఉమ్మడం నేర్చుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు, ఈ పనే వృత్తిగా చేసేవారంతా ఉమ్ముతారు. ఆ రోజు బండి తాళాలు ముట్టుకోవద్దు. గర్భిణులు, మందులు వాడుతున్నవారు, కాలేయం సమస్య ఉన్నవారు దీని జోలికి రాకూడదు. మద్యం అలవాటు లేనివారు ఈ రుచి కోసం మొదలుపెట్టాల్సిన పని అంతకన్నా లేదు.

పోశాక పది, పదిహేను నిమిషాలు అలా వదిలేయండి. సీసా తెరవగానే ముందుగా లేచేది ఆల్కహాల్ ఘాటు, నెయిల్ పాలిష్‌ని గుర్తుచేసే వాసన. అవి తేలిగ్గా ఎగిరిపోయే రకం. వాటిని పోనిస్తే కింద ఉన్నవి బయటికొస్తాయి.

రంగు దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. తేటగా, మెరుస్తూ ఉండాలి. గ్లాసును కొంచెం వంచి తిప్పితే గోడల మీద చారలు మెల్లగా దిగుతాయి. అవి ఆల్కహాల్ బలాన్ని చెబుతాయి, నాణ్యతను చెప్పవు.

వాసన చూడటం

అసలు పని ఇక్కడుంది. మొత్తం సమయంలో సగానికి పైగా దీనికే కేటాయించండి.

వైన్ తాగేవారిలా గ్లాసును గిరగిరా తిప్పి ముక్కు లోపల పెట్టకండి. 50 శాతం ఆల్కహాల్ ఆవిరి ఒక్కసారిగా కొడితే ముక్కు మొద్దుబారి, ఇక ఏ వాసనా తెలియదు. గ్లాసును ముందు గడ్డం దగ్గర పట్టుకోండి. నోరు కొంచెం తెరిచి, మామూలుగా ఊపిరి తీసుకోండి. గట్టిగా పీల్చవద్దు. ఆ దూరంలోనే చెరకు తెలుస్తుంది. తర్వాత కొంచెం కొంచెంగా పెదవుల దాకా తీసుకురండి. గ్లాసు మూతి పై అంచు దగ్గర ఒక వాసన ఉంటుంది, కింది అంచు దగ్గర ఇంకొకటి ఉంటుంది. రెండూ చూడండి. ఒక్కో ముక్కు రంధ్రంతో విడిగా చూడండి, రెండూ ఒకేలా పసిగట్టవు.

ఏం వెతకాలి? ముందు పచ్చి వాసనలు: కోసిన గడ్డి, చెరకు తొక్క, గానుగ దగ్గర తడి పిప్పి. చెరకు రసం బండి దగ్గర నిలబడ్డ ఏ తెలుగు ముక్కుకైనా ఇది వెంటనే అందుతుంది. ఈ విషయంలో చెరకును ఎప్పుడూ నమిలి ఎరగని ఐరోపావాళ్ళ కంటే మనకు ఎంతో సౌలభ్యం ఉంది. ఆ తర్వాత పండ్లు: అరటి, జామ, అనాస, నిమ్మ తొక్క. ఇవి రసం పులిసేటప్పుడు ఈస్ట్ తయారుచేసే ఎస్టర్లనే వాసన పదార్థాల నుంచి వస్తాయి. అరటి వాసనకు కారణమైన ఐసోఅమైల్ ఎసిటేట్ నిజమైన అరటిపండులోనూ ఉంటుంది. మూడోది కారం వైపు: మిరియం, సోంపు. కొన్నిటిలో ఉప్పునీటి వాసన, ఆలివ్ కాయ, వాన పడ్డ మట్టి కూడా ఉంటాయి.

ఇవన్నీ ఒకేసారి దొరకాలని టెన్షన్ పడొద్దు. మొదటిసారి ఒకటి దొరికినా చాలు. దొరికినదాన్ని పట్టుకుని, ‘ఇది పచ్చి అరటా, బాగా మగ్గిన అరటా?’ అని ఇంకొక అడుగు వేయండి. ‘గడ్డి’ అనుకుంటే అప్పుడే కోసిన గడ్డా, ఎండు గడ్డా? ఇలా ఒక్క వాసననే లోతుగా చూస్తే రెండోది దానంతటదే తగులుతుంది.

ముక్కు అలసిపోతే మీ మోచేతి మడతలో చర్మాన్ని వాసన చూసుకోండి. రోజూ తెలిసిన సొంత వాసన కాబట్టి ముక్కు మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. కాఫీ గింజలు వాసన చూడమని కొందరు చెబుతారు, నేను చెప్పను. ఒక ఘాటు స్థానంలో ఇంకో ఘాటు వచ్చి కూర్చుంటుంది.

ఇంకో మంచి పద్ధతి ఉంది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, చేతులు రుద్ది, ఆల్కహాల్ ఆరిపోయేదాకా ఆగి, దోసిలి ముక్కు దగ్గర పెట్టుకోండి. ఘాటు పూర్తిగా పోయి చెరకు ఒక్కటే మిగులుతుంది. గ్లాసులో ఏమీ తెలియడం లేదని నిరాశపడేవారికి ముందుగా ఇదే చేయిస్తే ముఖంలో వెలుగు వస్తుంది.

నోట్లో

మొదటి గుటక రుచి కోసం కాదు, నోటిని సిద్ధం చేయడానికి. అర టీస్పూను కన్నా తక్కువ తీసుకుని, నాలుకంతా తగిలేలా మెల్లగా తిప్పి మింగండి లేదా ఉమ్మండి. మండుతుంది. మిరపకాయ కారాన్ని పసిగట్టే నరాల చివళ్ళే ఆల్కహాల్ మంటనూ పసిగడతాయి. కారం తినే మనకు ఇది కొత్త కాదు: మొదటి ముద్దలో కనిపించినంత కారం మూడో ముద్దలో ఉండదు. అలాగే ఇక్కడా మొదటి గుటకను బట్టి తీర్పు చెప్పకండి. ఒక నిమిషం ఆగండి.

రెండో గుటకను నోట్లో ఐదారు సెకన్లు ఉంచండి. ముందు గమనించాల్సింది తీపి. లేదు కదా! చెరకు రసం నుంచి వచ్చిందంటే తియ్యగా ఉంటుందనుకుంటాం. కానీ పంచదార ఆవిరి కాదు, బట్టీలో పైకి రాదు, అంతకు ముందే దానిలో చాలాభాగాన్ని ఈస్ట్ తినేసి ఉంటుంది. మీకు ఎక్కడైనా తీపి అనిపిస్తే అది వాసన కల్పించిన భ్రమ. చెరకు వాసన తగలగానే మెదడు తీపిని ఊహించుకుంటుంది. ఈ రమ్ నిజానికి తీపి లేకుండా, కొంచెం చేదుగా, చివర్లో కారంగా ఉంటుంది. ఇది అర్థం చేసుకున్నాక చాలామందికి రమ్ నచ్చడం మొదలవుతుంది, ఎందుకంటే లేనిదాని కోసం వెతకడం మానేస్తారు.

తర్వాత చిక్కదనం చూడండి. పలచగా జారిపోతుందా, నూనెలా నాలుకకు పట్టుకుంటుందా? మంచి అగ్రికోల్‌లో ఆ పట్టు ఉంటుంది. మింగాక నోరు మూసి, ముక్కు ద్వారా మెల్లగా ఊపిరి వదలండి. వాసన చూసేటప్పుడు అందనివి ఎన్నో గొంతు వెనక నుంచి ముక్కులోకి ఇప్పుడు అందుతాయి. పచ్చి వాసన ముందు పోయి, మిరియం తర్వాత పోయి, చివరికి ఏది మిగిలిందో చూడండి. అది ఎంతసేపు నిలిచిందో కూడా చూడండి. నా లెక్కలో తెల్ల రమ్ నాణ్యతకు ఇదే గట్టి పరీక్ష. నాసిరకం సరుకులో మంట పోగానే ఏమీ ఉండదు. మంచిదానిలో మంట పోయాకే చెరకు నిలబడుతుంది.

నీళ్ళు కలపడం

నీళ్ళు కలిపితే రమ్‌ను అవమానించినట్టు అనుకునేవారున్నారు. బట్టీవాళ్ళే నీళ్ళు కలిపి 70 నుంచి 50కి తెచ్చారు కదా. మీరు చేసేది దానికి కొనసాగింపే. కాకపోతే మెల్లగా, లెక్కతో చేయాలి.

20 మిల్లీలీటర్ల 50 శాతం రమ్‌లో అర టీస్పూను, అంటే రెండున్నర మిల్లీలీటర్ల నీళ్ళు వేస్తే దాదాపు 44 శాతానికి దిగుతుంది. ఇంకో అర టీస్పూను వేస్తే 40. రుచి చూడగా తగ్గినదాన్ని బట్టి నీళ్ళూ తగ్గించాలి: గ్లాసులో 10 మిల్లీలీటర్లే మిగిలితే అర టీస్పూనుతోనే 40కి వస్తుంది. సీసా 55 శాతానిదైతే 20 మిల్లీలీటర్లకు ఒక టీస్పూను వేస్తే 44కి వస్తుంది.

ప్రతిసారీ నీళ్ళు వేశాక రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ వాసన దగ్గర్నుంచి మొదలుపెట్టండి. నీళ్ళతో ఆల్కహాల్ పట్టు సడలి కొన్ని వాసనలు పైకి లేస్తాయి, ముఖ్యంగా పండ్లు, పూలు. కొన్నిటిలో పచ్చి గడ్డి వాసన ఇంకా బలపడుతుంది. ఏదో ఒక దగ్గర రమ్ బాగా విచ్చుకుంటుంది, అది దాటితే పలచబడి చప్పబడుతుంది. ఆ హద్దు ఒక్కో సీసాకు ఒక్కోలా ఉంటుంది. దాన్ని కనిపెట్టి రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడు ఆ సీసా తెరిచినా పనికొచ్చే సమాచారం అది. నాకు చాలా అగ్రికోల్‌లు 44, 46 మధ్య బాగుంటాయి. 40కి వచ్చేసరికి చాలావరకు నడుం విరిగిపోతుంది.

ఏది లోపం, ఏది గుణం

పదిహేను నిమిషాలు ఆగాక కూడా నెయిల్ పాలిష్ వాసన అన్నిటినీ కప్పేస్తుంటే, బట్టీలో మొదట దిగే భాగాన్ని సరిగ్గా వేరు చేయలేదనో, పులియబెట్టడం అదుపు తప్పిందనో అనుకోవచ్చు. వెనిగర్ వాసన, కుళ్ళిన గుడ్డు వాసన లోపాలే. కానీ ఉప్పదనం, ఆలివ్, పుల్లటి పెరుగు, తడి మట్టి, ఇవి లోపాలు కావు. అలవాటు లేని వాసన తగిలితే వెంటనే ముఖం చిట్లించకుండా ఒక్క క్షణం దానితో ఉండండి.

ముఖ్యంగా హైతీ నుంచి వచ్చే క్లెరాన్ విషయంలో ఇది గుర్తుంచుకోవాలి. అక్కడ పల్లెల్లోని చిన్న బట్టీల్లో చెరకు రసాన్ని గాలిలోని ఈస్ట్‌తోనే పులియనిచ్చి, చాలావరకు చిన్న కుండ బట్టీల్లో తీస్తారు. సాజూ, కాసిమిర్, వావల్ అనే పేర్లతో సీసాలు బయటి దేశాలకు వెళ్తున్నాయి. మార్టినిక్ రమ్‌లో ఉండే క్రమశిక్షణ వాటిలో వెతకొద్దు. వాటి బలం వేరే. మార్టినిక్ అలవాటయ్యాక అటు వెళ్ళండి. గ్వాడెలూప్ పక్కన ఉన్న మారీ గలాంత్ దీవిలో తెల్ల రమ్‌ని 59 శాతంతో సీసాలో నింపడం ఆనవాయితీ. దానికి నీళ్ళ లెక్క తప్పనిసరి.

పక్కపక్కన పెట్టి చూడటం

ముక్కుకు శిక్షణ ఇవ్వడానికి నేను అందరికీ చెప్పేది ఒకటే: ఒక గ్లాసులో అగ్రికోల్, ఇంకో గ్లాసులో మొలాసిస్‌తో చేసిన మామూలు తెల్ల రమ్, మూడో గ్లాసులో తాజా చెరకు రసం. రసం బండివాడికి అల్లం, నిమ్మకాయ, ఐసు వేయొద్దని ముందే చెప్పాలి. తెచ్చిన గంటలోపు వాడాలి, ఆలస్యమైతే రసం నల్లబడి పులుస్తుంది. బట్టీలవాళ్ళు కూడా కోసిన చెరకును వెంటనే గానుగ ఆడించడానికి హడావుడి పడేది ఇందుకే.

రసం వాసన చూసి, వెంటనే అగ్రికోల్ వాసన చూడండి. తర్వాత మొలాసిస్ రమ్. రెండింటిలో ఏది రసానికి దగ్గరో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంట్లో మద్యం ముట్టనివారు కూడా ఈ వాసన పరీక్షలో ఉత్సాహంగా పాల్గొంటారు.

చూసినవన్నీ రాయండి, పెద్ద పెద్ద మాటలు వద్దు. సీసా పేరు, శాతం, తేదీ, ముందు తగిలిన వాసన, నోట్లో పట్టు, చివరికి మిగిలింది, నీళ్ళ హద్దు. ఇంతే. ఇంగ్లీషు పుస్తకాల్లోని పండ్ల పేర్లు అరువు తెచ్చుకోవద్దు. మీకు రేగుపండు తగిలితే రేగుపండనే రాయండి. గ్లాసును కడగకుండా రాత్రంతా ఉంచి, పొద్దున్నే వాసన చూసి ఇంకో వాక్యం చేర్చండి. ఆరిన గ్లాసులో ఎండిన చెరకాకు వాసన బాగా తెలుస్తుంది.

చివరగా టీ పంచ్

ఇదంతా అయ్యాక, మార్టినిక్‌లో జనం దీన్ని నిజంగా ఎలా తాగుతారో అలా ఒకసారి తాగండి. అక్కడ వట్టిగా తాగడం కన్నా టీ పంచ్ ఎక్కువ. పేరులో టీ ఉన్నా తేయాకుతో సంబంధం లేదు. బల్ల మీద రమ్ సీసా, నిమ్మకాయ, చెరకు పాకం పెట్టేస్తారు, ఎవరిది వాళ్ళే కలుపుకుంటారు.

చిన్న గ్లాసులో ఒక టీస్పూను పాకం వేయండి. నిమ్మకాయను సగానికి కోసి రసం పిండేయకుండా, పక్క నుంచి నాణెమంత చెక్క తొక్కతో సహా కోసి, గ్లాసులోకి ఒకసారి నొక్కి, అందులోనే వదిలేయండి. తొక్కలోని నూనె ముఖ్యం, పులుపు కాదు. 40 మిల్లీలీటర్ల రమ్ పోసి బాగా కలపండి. అక్కడ దీనికి బ్వా లేలే అనే పుల్ల వాడతారు, కొసన సహజంగానే చిన్న కొమ్మలుగా చీలి ఉంటుంది, అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతారు. మనకు చెంచా చాలు. ఐసు వేయకుండా ముందు తాగి చూడండి.

పాకానికి బెల్లం వాడొద్దని నా సలహా. మన బెల్లం వాసన చాలా బలమైనది, పచ్చి చెరకును మింగేస్తుంది. మామూలు పంచదార, నీళ్ళు సమానంగా తీసుకుని కరిగిస్తే సరిపోతుంది. నిమ్మరసం ఎక్కువైతే కూడా ఇదే నష్టం.

మిగిలిన సీసాను నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే 50 శాతం ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. ఎండ తగలని అలమర చాలు, ఫ్రిజ్ అక్కర్లేదు. సీసాలో మూడో వంతు కన్నా తక్కువ మిగిలితే లోపలి గాలికి పచ్చి వాసన క్రమంగా తగ్గుతుంది. అప్పుడు శుభ్రమైన చిన్న గాజు సీసాలోకి మూతి దాకా పోసి, దాని మీద పేరు, శాతం, తేదీ రాసి పెట్టుకోండి. తర్వాతి కొత్త సీసా వచ్చినప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవడానికి అది పనికొస్తుంది.